గరిట ముట్టుకున్న మా అక్క

"ఊరు చేరగానే ఫోను చేయించక్కా" అన్నాను, బస్సు కిటికీ కింద నిలబడి.

"అట్టాగేనండీ అమ్మగారూ" అంది మా అక్క.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. బెంజ్ సర్కిల్ దగ్గర ఉయ్యూరు వైపు వెళ్ళే బస్సు, మధ్యాహ్నం ఎండ, చుట్టూ హారన్ల గోల. మా అక్క మార్తమ్మ నాకన్నా ఐదేళ్ళు పెద్దది. పుట్టినప్పటి నుంచి నన్ను "ఒసే బుజ్జీ" అనే పిలిచింది. నాకు పెళ్ళయినా, నా కొడుక్కి పెళ్ళయినా, మా ఆయన పోయి నేను తెల్లచీర కట్టుకున్నా బుజ్జీ అనే పిలిచింది. ఆ రోజు ఒక్కసారి అమ్మగారూ అంది. మూడు వారాలకి, పొద్దున్నే అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తూ గోడకి ఆనుకుని అలాగే పోయింది.

ఇది రాస్తున్న పిల్ల ప్రశాంతి, మా అక్క కొడుకు కూతురు. అక్క పోయాక విజయవాడ వచ్చి, పటమటలో మా ఇంట్లోనే ఉండి బీఈడీ చదువుకుంటోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. అక్క పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూటం పెట్టి, అక్క గురించి చిన్న పుస్తకం వేసి అందరికీ పంచుదామని ప్రశాంతి మొదలుపెట్టింది. చిన్న నాయనమ్మా, నీ చిన్నతనంలో నాయనమ్మ ఎలా ఉండేదో నువ్వు చెప్పు, నేను రాస్తానంది. ముందు తను రాసుకున్న పేజీ ఒకటి చదివి వినిపించింది. "మా నాయనమ్మను వాళ్ళ చెల్లెలు విజయవాడలో పెద్ద హోటలుకు తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది. ఆ సంగతి నాయనమ్మ పోయేదాకా అందరికీ చెప్పుకుంది" అని ఉంది అందులో. అది కొట్టెయ్యమన్నాను. ఎందుకని అడిగింది. ఎందుకో చెప్పాలంటే హోటలు దగ్గర మొదలుపెడితే కుదరదు, కామందు గారింటి గుండిగ దగ్గర మొదలుపెట్టాలి. అందుకే పెన్ను పట్టుకోమన్నాను.

మా ఇల్లు ఉయ్యూరు పక్కన పల్లెలో, కాలవగట్టు దిగువన ఉండేది. తాటాకు కప్పు, మట్టిగోడలు, ముందు ఒక చిన్న అరుగు. చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. ఫ్యాక్టరీలో కాగే చెరుకు రసం వాసన తియ్యగా మొదలయ్యి, సాయంత్రానికి మడ్డి వాసనై ముక్కులో దిగబడిపోయేది. పొలాల్లో చెరుకు ఆకు తగలబెడితే నల్లటి నుసి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద, అన్నం మీద కూడా పడేది. మా అమ్మ దాన్ని వేలితో తీసేసి, ఇది మిరియాలపొడి అనుకోండర్రా అనేది. మా నాన్న కామందు గారి చెరుకు బండి తోలేవాడు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరసలో ఒక్కోసారి రెండు రోజులు పడిగాపులు పడి, ఒళ్ళంతా చెరుకు జిగటతో ఇంటికి వచ్చేవాడు. వచ్చాక స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని ప్రార్థన మొదలుపెడితే తెమిలేది కాదు. ఊళ్ళో జబ్బు పడినవాళ్ళందరి పేర్లూ, ఎద్దుల పేర్లతో సహా, దేవుడికి చెప్పాలి. ఒకసారి అలా కళ్ళు మూసుకుని ఉండగా పిల్లి వచ్చి చేపముక్క ఎత్తుకుపోయింది. మా అక్క ఒక కన్ను తెరిచి చూస్తూనే ఉంది. ప్రార్థనలో లేవకూడదు కదా అని ఊరుకుందట.

పొద్దున పూట మాకు తరవాణి. రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి కుండలో పెడితే పొద్దుటికి పులిసేది. ఆ పులుపు వాసన ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది. అందులో ఉప్పు, ఒక ఉల్లిపాయ, ఉంటే రెండు ఎండు రొయ్యలు. కుండలో అన్నం మెతుకులు అడుగున ఉంటాయి. అక్క ముందు పైనున్న నీళ్ళు తను తాగేసి, అడుగున మెతుకులు నాకు వదిలేది. నాకు నీళ్ళే ఇష్టమే, నీకు తెలవదు అనేది. చాలా ఏళ్ళు నేను నమ్మాను.

పెళ్ళి భోజనాలంటే కామందు గారింట్లో. బంతులన్నీ లేచాక, ఆఖర్న మా పల్లెవాళ్ళని పశువుల దొడ్డిలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆకులు మేమే తెచ్చుకోవాలి. వడ్డించేవాళ్ళు నడుం వంచేవాళ్ళు కాదు, నిలబడి పైనుంచి వేసేవాళ్ళు. పప్పు ఆకులో కొంత, మా మోకాళ్ళ మీద కొంత పడేది. మా అమ్మ అక్కడ మజ్జిగన్నం మాత్రం తిని, గారె, కూర, బూరె అన్నీ ఆకులోనే మడిచి కొంగున కట్టేది. ఆకులో పడిందంటే అది మనది, ఇంక ఎవడూ అడగడు అనేది. మా ఇంట్లో అదొక చట్టం. అమ్మ కొంగు విప్పగానే వచ్చే నెయ్యీ, పప్పూ, చెమటా కలిసిన వాసన కోసం మేమిద్దరం గుమ్మంలో కూర్చునేవాళ్ళం.

ఒక పెళ్ళికి నాకు జ్వరం. నాలుగు రోజుల నుంచి ఏమీ తినకుండా, పరమాన్నం కావాలని ఒకటే ఏడుపట. మాకు పరమాన్నం ఎప్పుడూ వేసేవాళ్ళు కాదు, బంతుల్లోనే అయిపోయేది. ఆ రోజు పరమాన్నం మిగిలిన పెద్ద గుండిగ దొడ్డి వాకిట్లో పెట్టి, మూత తీసి, మళ్ళీ లోపలికి మోయించబోతున్నారు. అక్కకి పదేళ్ళుంటాయి. ఆకు ముందు నుంచి లేచి, నడుచుకుంటూ వెళ్ళి, గుండిగలో ఉన్న గరిట పట్టుకుంది. అంతే. తినలేదు, తీసుకోలేదు, ఊరికే పట్టుకుని నిలబడింది. మేము ముట్టుకున్నది వాళ్ళు తినకూడదు. ఆ సంగతి అక్కకి తెలుసు. కామందు గారి తల్లి అరిచిన అరుపుకి దొడ్లో గొడ్లు బెదిరాయని అమ్మ చెప్పేది. ఆ గుండిగ మొత్తం మా పల్లెకే పంపించేశారు, నలుగురు మనుషులు కర్రకి కట్టి మోసుకొచ్చారు. ఆ సాయంత్రం మా పల్లెలో పరమాన్నం తినని మనిషి లేడు. మా నాన్న, కామందు చూస్తుండగా, చెరుకుగడతో అక్కని కొట్టాడు. కొట్టకపోతే ఆయన బండి పోతుంది. అక్క వీపు మీద వాతలతోనే వచ్చి నా పక్కన కూర్చుని, పరమాన్నం వేళ్ళతో నా నోట్లో పెట్టి, తినవే బుజ్జీ, జీడిపప్పులు కూడా ఉన్నయ్యి అంది. అది నాకు గుర్తు లేదు. కానీ పల్లెలో నేను కనపడితే చాలు, ఇదేనర్రా మనందరికీ పరమాన్నం పెట్టించిన పిల్ల అని నవ్వేవాళ్ళు. అక్క గరిట ముట్టుకోవడం వాళ్ళకి ఏళ్ళ తరబడి చెప్పుకునే కబురైంది.

దాని ఖరీదు మాత్రం అక్క ఒక్కతే కట్టింది. మిషన్ బడిలో మూడో తరగతి చదువుతున్నదాన్ని మానిపించి, తప్పు దిద్దుకోవడానికని ఆ ఇంట్లోనే పేడకళ్ళు ఎత్తే పనికి పెట్టారు. పెళ్ళయ్యేదాకా అక్కడే చేసింది. ఆ ఇంట్లో మేము ఎవర్నైనా సరే అమ్మగారూ, అయ్యగారూ అనాలి. ఉయ్యాల్లో పసిబిడ్డనైనా అమ్మగారూ అనే అనాలి. అక్క సాయంత్రం వచ్చి, ఇవాళ బుల్లి అమ్మగారు నా మీద ఉచ్చ పోశారండీ అని యాక్టింగు చేసి చూపిస్తే అమ్మ కూడా నవ్వేది. నన్ను మాత్రం ఆ ఇంటి ఛాయలకి రానివ్వలేదు. అమ్మ ఒకసారి నన్ను కూడా పనికి పంపుదామంటే అక్క చీపురు నేలకేసి కొట్టింది. నేను పోతన్నా గదా, దాన్నెందుకు పంపటం అంది. అలా నేను పేడ ఎత్తకుండా, ఎవర్నీ అమ్మగారూ అనకుండా పెరిగాను. కరెంటు ఆఫీసులో అటెండరుగా చేసే మా ఆయన నన్ను చూసి ఇష్టపడ్డాడంటే, నా చేతులు మెత్తగా ఉండబట్టే.

పటమట వచ్చాక నేను వేరే మనిషినయ్యాను. చీర కుచ్చిళ్ళు పిన్ను పెట్టుకోవడం, ప్రతి మాటకీ అండీ తగిలించడం నేర్చుకున్నాను. చర్చిలో స్త్రీల సమాజంలో చేరాను. అక్కడ కమలా టీచరు గారని రిటైరైన హెడ్మాస్టరమ్మ అందరికీ పెద్ద. ఒకసారి ఆవిడ మీ పుట్టింటివాళ్ళేం చేసేవారండీ అంటే, మా నాన్నకి చెరుకు ఉండేదండీ అన్నాను. ఉండేది, బండి మీద. ఎవరిదో చెప్పలేదు. అప్పటి నుంచి ఆవిడ నన్ను సుందరమ్మగారూ అని పక్కన కూర్చోబెట్టుకునేది. ఆ కుర్చీ పోతుందేమోనని నాకు లోపల ఎప్పుడూ బెదురే. అందుకే అక్క వచ్చే రోజు ఆదివారం కాకుండా చూసుకునేదాన్ని.

అక్కకి రెండో కంటి శుక్లం తీసి, ఆసుపత్రివాళ్ళు చెకప్‌కి మళ్ళీ రమ్మన్నారు. ఆ రోజు నా కొడుకు రెండు కూపన్లు ఇచ్చాడు. వాళ్ళ ఆఫీసులో ఇచ్చారట. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త హోటలు, మధ్యాహ్నం బఫే, మనవాళ్ళ వంటలూ పాకిస్తాన్ వాళ్ళ వంటలూ పెడతారు, పెద్దమ్మకి కడుపునిండా పెట్టించమ్మా అన్నాడు. అక్క కంటికి పెట్టిన నల్లద్దాలతో, నీరుకావి రంగు నేతచీరతో, చంకలో గుడ్డసంచితో వచ్చింది. లోపల చల్లగా ఉంది. అక్క తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వడ్డనకి ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. ఇక్కడ ఎవరూ వడ్డించరు, మనమే వెళ్ళి వేసుకోవాలన్నాను. నా మొహం వంక అలాగే చూసింది. "తినేవాళ్ళే గరిట ముట్టుకోవాలా?" అంది.

లేచి వచ్చింది. వరసగా మూతలు పెట్టిన పెద్ద పెద్ద పళ్ళాలు, ఒక్కోదానికీ ఒక గరిట. మా ముందు ఒక బొట్టు పెట్టుకున్న ఆవిడ, ఆవిడ ముందు టోపీ పెట్టుకున్న ఆయన, వెనక ఎవరో కాలేజీ పిల్లలు, అందరూ అదే గరిట పట్టుకుని వేసుకుంటున్నారు. అక్క మొదట కొంగుతో చెయ్యి తుడుచుకుంది. గరిట పట్టుకుని, అటూ ఇటూ చూసి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి నా చెవిలో, ఒసే, ఒక్కడూ అరవటంలేదే అంది. నవ్వొచ్చింది ఇద్దరికీ. ప్రతి పళ్ళెం దగ్గరా ఆగి, ఇది ఎవరిదని అడిగింది. ఇది పాకిస్తాన్ వాళ్ళ కూర, రాత్రంతా ఉడకబెడతారట అని అక్కడున్నాయన చెప్పాడు. యుద్ధాలు చేసుకునేవాళ్ళు కూరలు ఇచ్చిపుచ్చుకుంటారా బాబూ అంది. పచ్చటి తియ్యన్నం ఒకటుంది, జీడిపప్పూ కిస్‌మిస్‌తో. అది రుచి చూసి, ఇది మన బెల్లపన్నమేనే, పసుపు పూసుకుని వచ్చిందంతే అంది. ఆ అరగంట మా అక్క పదేళ్ళ పిల్లలాగే ఉంది. నేనూ సంతోషంగానే ఉన్నాను. ఈ మాట కూడా రాయి. ఆ తర్వాత నేను చేసినదానికి ఇది సాకు కాదు.

అక్క కొంచెమే తిని, మళ్ళీ వెళ్ళి పళ్ళెం నిండా తియ్యన్నం, కబాబు ముక్కలు, రెండు గులాబ్ జామూన్లు పెట్టుకొచ్చింది. గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి అందులోకి వంచుతోంది. నేను చూశాను. వద్దని అనలేదు, అది తప్పని నాకూ అప్పుడు తట్టలేదు. టై కట్టుకున్నాయన వచ్చి, అమ్మా, ఇక్కడ తినొచ్చు గానీ బయటికి తీసుకెళ్ళకూడదండీ అన్నాడు, మర్యాదగానే. అక్క, నా పళ్ళెంలో పడిందే గదా బాబూ, ఇంక ఎవరిది ఇది, మా మనవరాలికి, చదువుకుంటంది అంది. అక్క గొంతు పెద్దది, పొలాల్లో పిలిచిన గొంతు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు తిరిగి చూశారు. మూల బల్ల దగ్గర నుంచి కమలా టీచరు గారు లేచి వచ్చారు.

"ఏమైందండీ సుందరమ్మగారూ? ఎవరీవిడ?"

"మా ఇంట్లో పనిచేసే మనిషండీ" అన్నాను. "కళ్ళాసుపత్రికి తీసుకొచ్చాను, పాపం."

ప్రశాంతీ, నోరు జారింది అని రాయకు. జారలేదు. జారితే ఒక మాటతో ఆగేది. నేను పాపం అని కూడా అన్నాను. ఆ పాపం అన్న మాట బాగా పండాలని గొంతు కూడా తగ్గించాను.

అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. పనిమనిషి అమ్మగారి ముందు కూర్చోకూడదని ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు. కవరులో వేసిందంతా తిరిగి పళ్ళెంలోకి ఒంపేసి, నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడింది. నల్లద్దాల వెనక కళ్ళు ఏమనుకున్నాయో నాకు కనపడలేదు. టీచరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఎంత మంచి మనసండీ మీది, పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తున్నారు" అన్నారు. అక్క ఆ మాట విని తల ఊపింది, అవునన్నట్టు. తర్వాత నా హ్యాండ్‌బ్యాగు కూడా తనే తీసుకుని, నాకన్నా రెండడుగులు వెనకగా నడిచి బయటికి వచ్చింది. అక్కా, బ్యాగు ఇలా ఇవ్వవే అని బయటికి వచ్చాక అనగలిగాను. ఇచ్చింది.  బస్సు ఎక్కాకే మొదట చెప్పిన ఆ రెండు మాటలూ అనుకున్నాం. టీచరు గారు ఎక్కడో దగ్గర్లోనే ఉండి ఉంటారు, నా పరువు కాపాడ్డానికి అక్క అమ్మగారూ అని ఉంటుందని చుట్టూ చూశాను. టీచరు గారు లేరు. మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ అక్కడ లేరు.

ఆ ఆదివారం సమాజంలో టీచరు గారు లేచి నా గురించి సాక్ష్యం చెప్పారు. పనివాళ్ళని ఎలా ప్రేమించాలో సుందరమ్మగారిని చూసి నేర్చుకోవాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. అది అణకువ అనుకున్నారు. మూడు వారాలున్నాయి నాకు. ఉయ్యూరు ఎంత దూరమని, బస్సెక్కితే గంట. వెళ్ళి కాళ్ళు పట్టుకుని ఉండొచ్చు. రేపు, ఎల్లుండి, పండగయ్యాక అనుకున్నాను. అక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు, దేవుడు క్షమించాలి, ముందు నాకు కలిగింది ఏడుపు కాదు, ఇంక ఆ మాట ఎవరూ చెప్పరన్న ధైర్యం.

సమాధి దగ్గర నువ్వు నన్ను పట్టుకుని ఏడుస్తూ, నువ్వు పక్కన కూర్చోబెట్టుకుని తినిపించావని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో చిన్న నాయనమ్మా అన్నావు. అప్పుడు నా తల కొట్టేసినట్టయింది. ఆ మాటలు మీ నాయనమ్మవి కాదు తల్లీ, టీచరు గారివి. వాటిలోంచి పనిమనిషిని తీసేసి, మిగిలింది ఇంటికి పట్టుకొచ్చి మీకు పెట్టింది.

ఆ రోజుల్లో మమ్మల్ని దొడ్లో కూర్చోబెట్టిన వాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు, వాళ్ళని తిట్టుకుంటూనే ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ ఆపడంలేదు, గరిట ఎవరైనా పట్టుకోవచ్చు. అలాంటి చోట మా అక్కని కుర్చీలోంచి లేపి నిలబెట్టింది ఏ కామందూ కాదు, నేనే. బీదరికం వల్ల చేశానందామంటే నాకు బీదరికం లేదు. భయం వల్ల చేశానందామంటే, టీచరు గారు నన్నేం చేస్తారు? మహా అయితే ఇంకో కుర్చీలో కూర్చోమంటారు.

కూటానికి టీచరు గారినీ, సమాజంవాళ్ళందరినీ పిలిచాను. నువ్వు రాసుకొచ్చిన పేజీ చించెయ్యి, దాని బదులు కూటంలో ఇది చదువు. మీ నాన్నకి కోపం వస్తుంది, రానీ. నువ్వు నా ఇంట్లో ఉండనంటే హాస్టలు చూపిస్తాను, ఉంటానంటే ఉండు. అంతా ముందే ఆలోచించుకుని చెప్తున్నాను. పెన్ను ఎందుకు ఆపావు? కళ్ళు తుడుచుకుని రాయి, కాగితం తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి.

అయిపోయింది. ఇప్పుడు మొదటి నుంచి పైకి చదువు. నాకు చదువు రాదు, నువ్వు నా మీద జాలిపడి ఏదైనా మెత్తగా మార్చి రాసినా నాకు తెలీదు, అందుకని నాకు వినపడాలి. ఎక్కడైనా నేను నా తప్పు తగ్గించి చెప్పుకున్నట్టు నీకు అనిపిస్తే అక్కడ ఆగు, మళ్ళీ చెప్తాను. ఊఁ, చదువమ్మా.